బైనరీ: ఇద్దరిద్దరుగా నడిచి వచ్చిన మాట



మన సంఘాల్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు. కంప్యూటర్ పుస్తకం తెరవగానే వాళ్లకు ఎదురయ్యే మాటల్లో "బైనరీ" ఒకటి. ఒకటి, సున్నా అనే రెండే అంకెలతో లెక్కలన్నీ రాసే పద్ధతి అని అక్కడ అర్థం చెబుతారు. తెలుగులో దానినే ద్విసంఖ్యామానం అంటున్నారు. ఇదే మాట ఇప్పుడు చర్చల్లో ఇంకో విధంగా కూడా వినబడుతోంది. "ఇది బైనరీ కాదండీ" అని ఎవరైనా అంటే, అటో ఇటో తేల్చిపారేసే విషయం కాదు అని వారి భావం. అక్కడ బైనరీ అంటే లోకాన్ని రెండు ముక్కలుగా చీల్చి చూడడం.

మొదటి అర్థంలో రెండు అంకెలు కలిసి పనిచేస్తాయి. రెండో అర్థంలో రెండు పక్షాలు విడిపోయి నిలబడతాయి. ఒకే మాట ఈ రెండు చోట్లకూ ఎలా చేరింది? వాక్యాన్ని ధ్యానించేటప్పుడు ఒక మాటను దాని మూలభాష దాకా వెంబడించడం మనకు అలవాటే గదా. ఈ మాటను కూడా అలాగే వెంబడిద్దాం. దారిలో మన దేశపు ఛందస్సు పండితుడు ఒకాయన, ఒక జర్మన్ తత్వవేత్త, చైనాలో పనిచేసిన ఒక మిషనరీ కలుస్తారు. వారితోపాటు ఒక ప్రశ్న కూడా ఎదురవుతుంది. మన విశ్వాసాన్ని లెక్కలతో రుజువు చేయవచ్చా? బల్ల దగ్గర నిలబడి బోధించే ప్రతివారూ ఆలోచించవలసిన ప్రశ్న అది.

1. మూలభాషలో "రెండేసి"

బైనరీ అనే ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్ భాషలోని "బీనారియుస్". దానికి వేరు "బీనీ". లాటిన్‌లో రెండు అనే అంకెకు "దువో" అనే మాట వేరే ఉంది. బీనీ అంటే ఉత్త రెండు కాదు. రెండేసి, ఇద్దరిద్దరు, జతజతలుగా అని దాని అర్థం. ఇంగ్లీషులో దీనిని చెప్పాలంటే "టూ బై టూ" అని మూడు మాటలు పేర్చాలి. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. బంతిలో వడ్డించేవారితో "రెండేసి ఇడ్లీలు వెయ్యండి" అంటే, తలా రెండు అని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. లాటిన్ వారి బీనీ సరిగ్గా మన "రెండేసి".

నాలుగో శతాబ్దం చివర జెరోమ్ అనే భక్తుడు బైబిలును లాటిన్‌లోకి తెచ్చినప్పుడు ఈ మాటను మనం మరచిపోలేని చోట్ల వాడాడు. నోవహు ఓడలోకి జీవులు ప్రవేశించిన ఆదికాండము 7వ అధ్యాయంలో ఇది ఉంది. యేసు ప్రభువు పన్నెండుమందిని పంపిన మార్కు 6:7లో ఉంది. డెబ్బదిమందిని పంపిన లూకా 10:1లో కూడా ఉంది. మన తెలుగు బైబిలులో "ఇద్దరిద్దరినిగా" అని చదువుకునే చోట లాటిన్ బైబిలు చదువరి బీనీ రూపాన్నే చదివాడు.

ఆ చోట్ల ఈ మాట చేసే పనిని గమనించండి. ఓడలోకి జతగా వెళ్లింది జీవం కొనసాగడానికి. శిష్యులు జతగా వెళ్లింది ఒకరు అలసిపోతే మరొకరు నిలబెట్టడానికి, ఒకరి మాటకు మరొకరు సాక్షిగా ఉండడానికి. ఇద్దరు సాక్షుల మాట మీద సంగతి స్థిరపడాలని ధర్మశాస్త్రం చెప్పింది గదా (ద్వితీ. 19:15). ఈ మాట పుట్టుకలో విరోధం లేదు. తోడు ఉంది.

ఈ వేరు నుంచి వచ్చిన మాటలు మన నోట రోజూ ఆడుతున్నాయి. రెండు కళ్లతో చూసే అద్దాలు బైనాక్యులర్. రెంటిని జతచేయడం అనే అర్థం నుంచి వచ్చింది కాంబినేషన్. మందుల షాపులో ఇచ్చే కాంబినేషన్ టాబ్లెట్‌లో కూడా బీనీ దాగి ఉంది. దీని దగ్గరి చుట్టం "బిస్", అంటే రెండుసార్లు. రెండుసార్లు కాల్చిన రొట్టె బిస్కట్ అయింది. రెండు పళ్లాల త్రాసుకు లాటిన్‌లో ఉన్న పేరు నుంచి బ్యాలెన్స్ వచ్చింది. టీలో ముంచుకునే బిస్కట్టూ బ్యాంకు పుస్తకంలోని బ్యాలెన్సూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట.

2. బై, ద్వి, ఇరు

లాటిన్ "బి", సంస్కృతం "ద్వి" వేర్వేరు మాటలు కావు, అక్కచెల్లెళ్లు. పాత లాటిన్‌లో బిస్ అనే మాట "దుయిస్" అని ఉండేది. మొదటి రెండు ధ్వనులు కలిసిపోయి "బ" అయింది. యుద్ధానికి లాటిన్ మాట "బెల్లుమ్" కూడా మొదట "దుయెల్లుమ్"గా ఉండేది. సంస్కృతానికీ లాటిన్‌కూ గ్రీకుకూ ఒకే పుట్టిల్లు ఉండాలని 1786లో విలియం జోన్స్ అనే న్యాయమూర్తి కలకత్తాలో ప్రసంగించాడు. బైసైకిల్ అన్నా ద్విచక్రం అన్నా ముందున్నది ఒకే పాత మాట.

మన రెండు మాత్రం ఆ ఇంటిది కాదు. ఇరువురు, ఇరుపక్కల, ఇరవై అనే మాటల్లోని "ఇరు"తో రెండుకు చుట్టరికం. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదని, దక్షిణ దేశపు భాషలది వేరే కుటుంబమని మద్రాసులో పనిచేసిన ఎల్లిస్ దొర 1816లో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి జతచేసిన వ్యాసంలో వాదించాడు. 1856లో తిరునెల్వేలి ప్రాంతపు మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్ దానిని విస్తారంగా నిరూపించాడు. కాబట్టి మన నోట ఇప్పుడు మూడు "రెండు"లు ఉన్నాయి. వారసత్వంగా వచ్చిన ఇరు, సంస్కృతం నుంచి తెచ్చుకున్న ద్వి, ఇంగ్లీషుతో వచ్చిన బై. మూడూ గొడవ పడకుండా కలిసే బ్రతుకుతున్నాయి.

3. లఘువు, గురువు

అంకెల బైనరీకి ముందే, రెండే గుర్తులతో ఒక పెద్ద లెక్కను మన దేశంలో చేసినవారు ఉన్నారు. పింగళుడు రచించిన ఛందశ్శాస్త్రం క్రీస్తు పూర్వపు శతాబ్దాల నాటిదని పండితుల అంచనా. తెలుగు వాచకంలో పద్యానికి గణవిభజన చేసినవారందరికీ ఇది తెలిసిన లోకమే. అక్షరం పొట్టిగా పలికితే లఘువు, నిలువు గీత పెడతాం. పొడుగ్గా పలికితే గురువు, గిన్నెలాంటి గుర్తు పెడతాం. ఈ రెండే. మూడో రకం లేదు.

మూడక్షరాల గణాలు ఎన్ని ఉండగలవు? మొదటి అక్షరానికి రెండు దారులు, రెండోదానికి రెండు, మూడోదానికి రెండు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. అందుకే మ, య, ర, స, త, జ, భ, న అని ఎనిమిది గణాలున్నాయి. తొమ్మిదో గణం ఎంత వెదికినా దొరకదు.

పింగళుడు అక్కడితో ఆగలేదు. అన్ని రూపాలనూ వరుసగా రాసే పద్ధతి చెప్పాడు. దానికి ప్రస్తారం అని పేరు. మొదటి నిలువు వరుసలో గురువు, లఘువు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. రెండో వరుసలో రెండేసి, మూడో వరుసలో నాలుగేసి వస్తాయి. ఫలానా సంఖ్య గల వరుసలో ఏ గణం ఉందో, పట్టిక అంతా రాయకుండానే తెలుసుకునే ఉపాయం కూడా ఇచ్చాడు. సంఖ్య సరి అయితే సగం చేసి లఘువు రాయి. బేసి అయితే ఒకటి కలిపి సగం చేసి గురువు రాయి. ఆరో వరుస కావాలనుకోండి. ఆరు సరి, లఘువు. సగం మూడు. మూడు బేసి, గురువు. ఒకటి కలిపి సగం చేస్తే రెండు. రెండు సరి, లఘువు. లఘువు, గురువు, లఘువు. అది జగణం. పైన రాసిన ఎనిమిదింటిలో ఆరోది జగణమే, లెక్కపెట్టి చూడండి.

ఇన్ని అక్షరాలకు మొత్తం ఎన్ని రూపాలు అని లెక్కగట్టే సూత్రంలో ఆయన వాడిన రెండు గుర్తుల పేర్లు ద్వి, శూన్యం. సంఖ్యను సగం చేసినప్పుడు ద్వి అని, ఒకటి తీసినప్పుడు శూన్యం అని గుర్తు పెట్టుకోవాలి. ఆరు అక్షరాలైతే జవాబు అరవై నాలుగు వస్తుంది. ఈ అరవై నాలుగును గుర్తుంచుకోండి, మళ్లీ కలుస్తుంది.

దీనిని చూపించి కంప్యూటర్ మన దగ్గరే పుట్టిందని కొందరు చెబుతుంటారు. ఆ మాట నిలబడదు. పింగళుడు లఘు గురువులతో కూడికలు, గుణకారాలు చేయలేదు. ఆయన లెక్కించింది పద్యరూపాలను. చేసిన పనికి ఇవ్వవలసిన ఘనత ఇస్తే చాలును. చేయని పనిని కూడా ఆయన తల మీద పెట్టడం గౌరవం కాదు.

4. అంకెలుగా మారిన జత

యూరప్‌లో ఈ ఆలోచన వేరే దారిన వచ్చింది. ఇంగ్లండులో థామస్ హారియట్ అనే గణితజ్ఞుడు ఒకటి, సున్నాలతో లెక్కలు చేసి కాగితాల్లోనే ఉంచేశాడు. 1621లో ఆయన చనిపోయేనాటికి అవి అచ్చు కాలేదు. ఫ్రాన్సిస్ బేకన్ 1623లో ఒక రహస్య లిపిని వివరించాడు. ఏ, బీ అనే రెండు గుర్తులను అయిదేసి చొప్పున పేర్చితే ముప్పై రెండు రూపాలు వస్తాయి, అక్షరమాలకు అవి సరిపోతాయి అని చూపించాడు. రెండు తేడాలు చూపగల ఏ వస్తువుతోనైనా దూరానికి కబురు పంపవచ్చునని ఆయన గ్రహించాడు. ఇక ఒకటి, సున్నాల పద్ధతిని మొదట అచ్చులో పెట్టినవాడు ఒక బిషప్. హువాన్ కారమూయెల్ అనే ఆ స్పెయిన్ దేశస్థుడి పుస్తకం 1670లో వెలువడింది.

అయినా ఈ పద్ధతికి పూర్తి రూపం, పేరు ఇచ్చినవాడు లైబ్‌నిజ్. 1646లో లైప్‌జిగ్‌లో పుట్టి, 1716లో హనోవర్‌లో మరణించిన ఈ జర్మన్ పండితుడు న్యాయశాస్త్రం, గణితం, చరిత్ర, తత్వం, దేవుని గూర్చిన శాస్త్రం అన్నిటిలో చెయ్యి పెట్టినవాడు. 1679 మార్చి 15 తేదీతో ఆయన రాసుకున్న ఒక ప్రతిలో బైనరీ కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఉన్నాయి. గుండ్లు రంధ్రాల్లోనుంచి దొర్లిపడుతూ లెక్క చేసే యంత్రపు ఆలోచన కూడా అందులో ఉంది.

ఈ పద్ధతిని త్రాసు దగ్గర నిలబడి అర్థం చేసుకోవచ్చు. ఒక కిలో, రెండు కిలోలు, నాలుగు, ఎనిమిది అని నాలుగు రాళ్లున్నాయి. ఒక్కో రకం ఒక్కటే. వీటితో ఒక కిలో మొదలుకొని పదిహేను కిలోల దాకా ఏ తూకమైనా తూచవచ్చు. పదమూడు కిలోలకు ఎనిమిది, నాలుగు, ఒకటి పెడతాం. రెండు కిలోల రాయిని పక్కన ఉంచుతాం. పెట్టిన రాయికి 1, పెట్టని రాయికి 0 వేస్తే 1101. బైనరీలో పదమూడు అదే. లైబ్‌నిజ్ కూడా తన వ్యాసంలో తక్కువ రాళ్లతో ఎక్కువ తూకాలు తూచే ఈ సంగతి ప్రస్తావించాడు.

5. సృష్టికి ఒక పటం

ఇక్కడ ఈ కథ మన విశ్వాసాన్ని తాకుతుంది. 1697 నూతన సంవత్సరానికి లైబ్‌నిజ్ తన ప్రభువైన రుడోల్ఫ్ ఆగస్ట్ అనే డ్యూకుకు ఒక ఉత్తరం రాశాడు. శుభాకాంక్షలతోపాటు ఒక పతకపు నమూనా కూడా పంపాడు. దాని మీద బైనరీ అంకెల పట్టిక, వెలుగు, చీకటి ఉండాలని కోరుకున్నాడు. ఆయన ఆలోచన ఇది. దేవుడు సమస్తాన్ని శూన్యం నుంచి కలుగజేశాడన్నది అన్యులకు నచ్చజెప్పడం చాలా కష్టం. కాని సంఖ్యలన్నీ ఒకటి, సున్నాల నుంచే పుడుతున్నాయని చూపిస్తే, సృష్టికి అంతకన్నా మంచి ఉపమానం ఏముంది? ఒకటి దేవునికి గురుతు, సున్నా శూన్యానికి గురుతు.

ఆయన ఇంకా ముందుకు వెళ్లాడు. ఏడును బైనరీలో 111 అని రాస్తాం, అందులో సున్నా లేదు. ఏడవ దినాన సృష్టి సంపూర్ణమైంది, దేవుడు విశ్రమించాడు. ఆ మూడు ఒకట్లలో త్రిత్వపు ఛాయ కూడా ఉందని రాసుకున్నాడు.

తెలుగు బైబిలు చదివేవారికి ఇక్కడ ఒక సంగతి తట్టకమానదు. ఆదికాండము 1:2లో భూమి స్థితిని చెప్పడానికి మన అనువాదకులు వాడిన మాటల్లో శూన్యము ఒకటి. పింగళుడి సూత్రంలోని గుర్తు పేరు అదే, గణితంలో సున్నాకు సంస్కృతం పేరు కూడా అదే. సున్నా అనే మాట శూన్యం నుంచే పుట్టింది. లైబ్‌నిజ్ కష్టపడి గీసిన పోలిక మన భాషలో ఒక్క మాటలో ఇమిడిపోయి ఉంది.

6. పెకింగు నుంచి వచ్చిన జాబు

చైనాలో అప్పుడు కాంగ్‌షీ చక్రవర్తి ఏలుతున్నాడు. ఆయనకు గణితం అంటే ప్రీతి. యేసు సభకు చెందిన మిషనరీలు ఆయన కొలువులో ఖగోళం, జ్యామితి బోధించేవారు. కొలువులోని గణిత శాఖకు అధిపతిగా ఉన్న గ్రిమాల్డి అనే మిషనరీకి లైబ్‌నిజ్ 1697లోనే తన ఉపమానం సంగతి రాశాడు. లెక్కలు ప్రేమించే చక్రవర్తి ఈ లెక్కను చూసి సృష్టికర్తను తెలుసుకుంటాడేమో అని ఆయన ఆశ.

1701 ఫిబ్రవరిలో ఇదే సంగతి జొవాకిం బువే అనే మరో మిషనరీకి రాశాడు. ఈ బువే ఫ్రాన్సు రాజు పదునాలుగో లూయీ పంపిన గణిత పండితుల్లో ఒకడు, చక్రవర్తికి జ్యామితి నేర్పినవాడు. చైనీయుల ప్రాచీన గ్రంథం "యీ జింగ్" మీద ఆయన పరిశోధన చేస్తున్నాడు. ఆ గ్రంథంలో ఆరేసి గీతల బొమ్మలుంటాయి. ప్రతి గీత నిండుగా ఉంటుంది లేదా మధ్యలో తెగి ఉంటుంది. ఆరు గీతలు, రెండు రకాలు. మొత్తం బొమ్మలు అరవై నాలుగు. పింగళుడి ఆరక్షరాల లెక్కే ఇక్కడ మళ్లీ కలిసింది.

బువే ఆ బొమ్మల పటాన్ని 1701 నవంబరులో పంపాడు. అది 1703 ఏప్రిల్ 1న లైబ్‌నిజ్ చేతికి అందింది. ఉత్తరం రావడానికి పదిహేడు నెలలు పట్టింది. తెగిన గీత సున్నా, నిండు గీత ఒకటి అనుకుంటే ఆ పటంలో 0 నుంచి 63 దాకా అంకెలు వరుసగా ఉన్నాయి! ఆయన ఆనందానికి హద్దు లేదు. వారం తిరగకుండానే వ్యాసం పూర్తిచేసి పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి పంపాడు. దాని శీర్షికలోనే "బైనరీ అంకగణితం" అనే మాట ఉంది. ఇద్దరిద్దరు అనే పాత మాట ఈ వ్యాసంతో అంకెల లోకంలో స్థిరపడింది.

అయితే ఆ సంతోషంలో ఒక పొరపాటు ఉంది. బువే పంపిన వరుస అతి ప్రాచీనమైన ఫూషీ అనే మహాపురుషుడిదని ఇద్దరూ నమ్మారు. నిజానికి ఆ అమరిక పదకొండో శతాబ్దపు పండితుడు షావ్ యుంగ్‌తో ముడిపడినది. ఆ గీతలను చైనీయులు శకునాలకు, తత్వానికి వాడారు గాని, కూడికలకు కాదు. చైనీయుల పాత గ్రంథాల్లో క్రీస్తు మర్మం దాగి ఉందని చూపించాలన్న తపన బువేది. ఆ తపనతో చూసిన కంటికి వెదికినదే కనబడింది. లైబ్‌నిజ్ ఆశించినట్టు చక్రవర్తి మారుమనస్సు పొందలేదు. పితరులకు చేసే ఆచారాల విషయమై రోముకూ చైనాకూ వివాదం ముదిరి, 1721లో ఆ చక్రవర్తే మిషనరీల బోధను నిషేధించాడు.

7. ఉపమానమా, రుజువా?

ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ 1814లో ఈ సంగతి ప్రస్తావించి, చిన్ననాడు ఏర్పడిన అభిప్రాయాలు ఎంత గొప్పవారినైనా ఎలా దారి తప్పిస్తాయో చూడండి అన్నట్టు రాశాడు. ఆయన మాటలో ఎగతాళి ఉంది. అయినా మనం కోపగించుకోకుండా ఆలోచించాలి.

ఒకటి, సున్నాలకు బదులు వేరే ఏ రెండు గుర్తులు పెట్టినా ఈ లెక్క పనిచేస్తుంది. బేకన్ ఏ, బీలతో చేశాడు. పింగళుడు లఘు గురువులతో చేశాడు. మూడు అంకెలతో రాసే పద్ధతి ఉంది, పదింటితో రాసేది మనం రోజూ వాడుతున్నాం. రెండు అంకెల పద్ధతి సృష్టికి రుజువైతే, పది అంకెల పద్ధతి దేనికి రుజువు? ఏడుకు 111 అని చూసి త్రిత్వం అంటే, 3కు 11 అని, 15కు 1111 అని చూసి ఏమనాలి? లెక్కలో మనకు కావలసిన చోట ఆగి, "ఇదిగో మర్మం" అనడం తేలిక. పేర్లలోని అక్షరాలను అంకెలుగా మార్చి ఇతడే క్రీస్తు విరోధి అని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. అవి చేసే పని కూడా ఇదే.

అలాగని లైబ్‌నిజ్ పోలికను పారవేయనక్కరలేదు. ఉపమానంగా అది ఎంతో చక్కనిది. ప్రభువు విత్తువానిని, పులిసిన పిండిని, పోయిన నాణెమును చూపించి బోధించాడు. పిండి పొంగడం దేవుని రాజ్యానికి రుజువని ఆయన చెప్పలేదు, పోలిక అని చెప్పాడు. కనబడేది కనబడని దానివలన కలిగిందని మనం గ్రహించేది విశ్వాసముచేతనే అని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చెబుతోంది. ఆ స్థానంలో పట్టికను కూర్చోబెడితే, రేపు పట్టికలో తప్పు దొరికినప్పుడు వినేవాడు విశ్వాసాన్నే అనుమానిస్తాడు. మన పిల్లలు పట్నంలో కాలేజీకి వెళ్లి, మనం చెప్పిన లెక్క నిలబడదని తెలుసుకుంటే, లెక్కతోపాటు వాక్యాన్ని కూడా పక్కన పెట్టేయగలరు. బోధకుడు భయపడవలసింది లాప్లాస్ ఎగతాళికి కాదు, దీనికి.

8. బైనరీ చేసిన ప్రయాణం

ఆ తరువాత ఈ మాట చాలా ఊళ్లు తిరిగింది. రెండు మూలకాలతో ఏర్పడిన పదార్థాన్ని రసాయన శాస్త్రంలో బైనరీ అంటారు. 1802లో విలియం హెర్షెల్ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట నక్షత్రాలకు ఈ మాట వాడాడు. లైబ్‌నిజ్ కన్నుమూసిన హనోవర్‌లోనే ఈయన పుట్టాడు. సప్తర్షి మండలంలో అరుంధతి పక్కన కనబడే వసిష్ఠ నక్షత్రాన్ని టెలిస్కోపులో చూస్తే అదే రెండుగా కనబడుతుంది. అక్కడ కూడా బైనరీ అంటే జతే. ఒకదాని బరువు మరొకదాన్ని పట్టి ఉంచుతుంది.

1829లో లూయీ బ్రెయిల్ అనే అంధ యువకుడు ఆరు చుక్కల లిపిని ప్రకటించాడు. చుక్క ఉబికి ఉంటుంది లేదా ఉండదు. ఖాళీ గడితో కలిపి అరవై నాలుగు రూపాలు. బువే చక్రవర్తికి ఏదో చూపించాలనుకున్న అరవై నాలుగు, ఇక్కడ చూపులేనివారికి అక్షరాలయ్యాయి. తెలుగు బ్రెయిలీ కూడా ఆ ఆరు చుక్కలతోనే.

చెప్పులు కుట్టేవాని కుమారుడు జార్జ్ బూల్ 1854లో ఆలోచనా నియమాలపై రాసిన గ్రంథంలో సర్వానికి 1, ఏమీ లేకపోవడానికి 0 పెట్టి తర్కాన్ని బీజగణితంగా మార్చాడు. 1937లో ఇరవై ఒక్క ఏళ్ల క్లాడ్ షానన్, స్విచ్చుల వలయాలు బూల్ నియమాలనే పాటిస్తాయని తన థీసిస్‌లో చూపాడు. 1948లో ఆయన వ్యాసంలో "బైనరీ డిజిట్" కుదించుకుపోయి "బిట్" అయింది. ఆ పేరు సూచించింది జాన్ టుకీ అని ఆయనే చెప్పాడు.

రెండే ఎందుకు? తీగలో పది రకాల మట్టాలు పెట్టి ఏది ఏదో గుర్తుపట్టాలంటే కరెంటు కాస్త అటూ ఇటూ అయినా తప్పు వస్తుంది. ఎక్కువా తక్కువా అని రెండే అయితే తప్పు చాలా అరుదు. మీ ఫోనులో బైబిలు తెరిచినప్పుడు కనబడే "అ" అక్షరానికి యూనికోడ్‌లో ఇచ్చిన సంఖ్య 3077. దాన్ని బైనరీలో రాస్తే 110000000101. మోషే ధర్మశాస్త్రం, దావీదు కీర్తనలు, పౌలు పత్రికలు అన్నీ ఇలాగే మీ జేబులో ఉన్నాయి.

ఇరవయ్యో శతాబ్దంలోనే భాషను, సమాజాన్ని పరిశీలించే పండితులు పగలు-రాత్రి, పచ్చి-ఉడికినది వంటి జంటలకు బైనరీ విరోధాలు అని పేరు పెట్టారు. చీల్చే అర్థం అలా బలపడింది. "జతజతలు" అన్న మాట "మనమూ వాళ్లూ" అయింది.

9. సున్నా ఖాళీ కాదు

ఆ 3077ను ఇంకోసారి చూడండి. పన్నెండు స్థానాల్లో సున్నాలు ఎనిమిది, ఒకట్లు నాలుగే. ఒకట్లకే విలువ అని సున్నాలను తీసేస్తే మిగిలేది 1111, అంటే పదిహేను. "అ" అక్షరం పోయింది. సున్నా తనంతట తాను ఏ విలువా చూపదు గాని, ఒకటి ఎక్కడ నిలబడాలో ఆ చోటును అదే కాపాడుతుంది. యంత్రంలో కూడా సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు, తక్కువ మట్టం. అదీ ఒక స్పష్టమైన కబురే. లైబ్‌నిజ్ పోలికలో సున్నా ఉత్త శూన్యం. ఆయన కనిపెట్టిన లెక్కలో మాత్రం సున్నా ఒక పనివాడు.

మన ఊళ్లలో మనుషులను లెక్కవేసే తీరు గుర్తు చేసుకోండి. "వాడా, వాడు జీరో" అంటాం. చదువు లేనివాడు, భూమి లేనివాడు, మాట్లాడడం రానివాడు, పిల్లలు పట్టించుకోని ముసలమ్మ, వీరందరూ మన లెక్కలో సున్నాలు. కుటుంబ పేరు, డబ్బు, పదవి ఉన్నవాడు ఒకటి. సంఘంలో కూడా ముందు కుర్చీ ఎవరికి, చివరి చాప ఎవరికి అని మనసులో ఒక బైనరీ నడుస్తూనే ఉంటుంది. కాని ఎన్నికలేనివారిని దేవుడు ఎన్నుకున్నాడని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయం చెబుతోంది. సున్నాలను తుడిచేసిన లెక్క ఎంత తప్పో, వీరిని తుడిచేసిన సంఘం అంత తప్పు. ఇది రుజువు కాదు ప్రియులారా, ఉపమానమే.

కాబట్టి ఈ మాటను దాని మొదటి అర్థంతో ఇంటికి తీసుకువెళ్లండి. బైనరీ అంటే రెండేసి. ఈ వారం సంఘంలో మీరు ఎప్పుడూ పక్కన కూర్చోని ఒకరి పక్కన కూర్చోండి. రోగిని చూడడానికి వెళ్లేటప్పుడు, ఎవరూ తోడు తీసుకెళ్లని ఒకరిని తోడు తీసుకెళ్లండి. ప్రభువు తన వారిని పంపింది అలాగే గదా, ఇద్దరిద్దరినిగా.

ఆయన కృప మీకు తోడై ఉండును గాక. ఆమెన్.